నాన్న అడిగితే ‘చేసుకున్నాను’ అనేస్తున్నాను

ప్రశ్న

ప్రకాశం జిల్లాలోని ఒక పల్లె నుంచి వచ్చి విశాఖపట్నంలో ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం చదువుతున్న అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు, కాలేజీ బయటపెట్టొద్దని కోరింది. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు కుదించి ఇస్తున్నాం.

వాళ్లది మూడు తరాలుగా బాప్టిస్టు కుటుంబం. తండ్రి చర్చి సంఘంలో పెద్ద. రోజూ రాత్రి భోజనానికి ముందు కుటుంబ ప్రార్థన ఉంటుంది. సండే స్కూల్లో చిన్నపిల్లలకు పాటలు నేర్పేది ఈ అమ్మాయే. హాస్టల్ గదిలో నలుగురు. మిగతా ముగ్గురూ హిందువులు, తనను బాగా చూసుకునేవాళ్లు. వాళ్లలో ఒకమ్మాయి అల్మరాలో చిన్న పటం పెట్టుకుని పొద్దున్నే అగరొత్తి వెలిగిస్తుంది. ఈమె బైబిలు మాత్రం సూట్‌కేసులో బట్టల కిందే ఉండిపోయింది. మొదటిరోజు తీయలేదు, తర్వాత తీయాలంటే మొహమాటం.

వినాయక చవితికి హాస్టల్లో విగ్రహం పెట్టారు. తలా 200 చందా అంటే ఇచ్చింది. ఉండ్రాళ్లు చేతిలో పెడితే కాదనలేక తీసుకుని, ఎవరూ చూడట్లేదనుకుని చెత్తబుట్టలో వేసింది. ఆ అగరొత్తి అమ్మాయే చూసింది. ఏమీ అనలేదు గానీ అప్పట్నుంచి మాటలు తగ్గించింది. ఫ్రెషర్స్ డే రోజు చీర కట్టుకుంటే స్నేహితురాలు నుదుట స్టిక్కర్ పెట్టింది. ఆ ఫొటో స్టేటస్‌లో చూసి మేనత్త ఫోన్ చేసి, ‘అప్పుడే మారిపోయావా?’ అని అడిగింది.

ఆదివారాలు స్పెషల్ క్లాసులు ఉండటంతో రెండు నెలల్లో రెండుసార్లే ఆరాధనకు వెళ్లగలిగింది. ఒక సీనియర్ అక్క దగ్గర్లోని ఒక ఇంట్లో జరిగే ప్రార్థన కూడికకు తీసుకెళ్లింది. అక్కడి పెద్ద, ‘మీ సంఘంలో ఆత్మ లేదు, మిడ్ పరీక్షలకు ముందు మూడు రోజులు ఉపవాసం ఉండు’ అన్నాడు. గదిలోవాళ్లు క్లాసుకు రాకపోతే అప్పుడప్పుడు వాళ్ల హాజరు తనే పలుకుతూ ప్రాక్సీ చెబుతున్నాననీ, రికార్డులు అందరిలాగే చూసి రాసేస్తున్నాననీ ఒక్క వాక్యంలో రాసి ముందుకెళ్లిపోయింది.

చివర్లో అసలు భయం రాసింది. కుల ధ్రువపత్రంలో వాళ్లు హిందూ ఎస్సీ. సీటు ఆ కోటాలోనే వచ్చింది. ఇంట్లో, సంఘంలో ఒక పేరు. సర్టిఫికెట్లలో ఇంకో పేరు. ఈస్టరుకు బాప్తిస్మం ఇస్తామని పాస్టరుగారు అంటుంటే, తండ్రి ‘చదువయ్యాక చూద్దాం’ అంటున్నారు.

‘రోజూ రాత్రి తొమ్మిదింటికి నాన్న ఫోన్ చేసి, ప్రార్థన చేసుకున్నావామ్మా అని అడుగుతారు. చేసుకున్నాను నాన్నా అంటాను. నిజానికి నెలన్నరగా లేదు. నేను దేవుణ్ని వదిలేస్తున్నానా? ఇంట్లో ఉన్నప్పుడు ఉన్నది అసలు నా విశ్వాసమేనా?’ అని ముగించింది.

సమాధానం

అమ్మా, ఐదారు వేరువేరు సంగతుల్ని ఒకే ప్రశ్న కింద మూటగట్టి మోస్తున్నావు. విప్పి చూస్తే కొన్ని ఈ రాత్రికే తేలిపోతాయి. కొన్ని గదిలోవాళ్లతో కూర్చుని మాట్లాడుకోవాల్సినవి. ఒకటి చట్టానికి సంబంధించింది. దాన్ని నువ్వొక్కదానివే మోయకూడదు.

నువ్వు దేవుణ్ని వదిలేయడం లేదు. వదిలేసినవాళ్లకు తొమ్మిది గంటల ఫోను ఇంత బాధ పెట్టదు. ఇంట్లో ప్రార్థనకు వేళ నాన్న పెట్టేవారు. చాప వేసే చోటు ఉండేది. పాట ఎవరో ఒకరు ఎత్తుకునేవారు. హాస్టల్లో వేళ లేదు, చోటు లేదు, తోడు లేదు. ఈ మూడూ సొంతంగా ఏర్పాటు చేసుకోవాలని నీకెవరూ చెప్పి పంపలేదు. సూట్‌కేసులో బైబిలు పెట్టి, ‘ప్రార్థన మానొద్దు’ అని మాత్రం చెప్పారు. చాలా ఇళ్లలో జరిగేది ఇదే. మొదటి సెమిస్టర్లో చాలామంది పిల్లలు తడబడేదీ ఇక్కడే. అది నీ విశ్వాసం అవునా కాదా అంటే, ఇప్పుడే అవుతోంది.

ముందు ఫోను సంగతి చూద్దాం. నువ్వు రాసినవాటిలో నిన్ను రోజూ కొంచెం కొంచెం తినేస్తున్నది ఆ అబద్ధమే. ప్రార్థన లేని రోజు వెలితిగా ఉంటుంది, అంతే. ప్రార్థన చేశానని అబద్ధం చెప్పిన రోజు దేవుడి దగ్గరికి వెళ్లడానికే మొహం చెల్లదు. అలా నెలన్నర గడిచింది. నీ ముందు రెండు దార్లున్నాయి. ఒకటి, ఉన్నదున్నట్టు చెప్పేయడం: ‘నాన్నా, కొన్నాళ్లుగా సరిగ్గా చేసుకోవట్లేదు, మీకు అబద్ధం చెప్పాను.’ ఆయన కోప్పడవచ్చు, కంగారుపడి తర్వాతి రైలెక్కి రావచ్చు, అమ్మ రెండ్రోజులు ఏడవచ్చు. వారం తిరిగేసరికి సర్దుకుంటుంది. నీ మనసు మాత్రం ఆ రాత్రే తేలికపడుతుంది. రెండోది, పాతది తవ్వకుండా ఈ రాత్రి నుంచి, ‘నాన్నా, రోజూ ఫోన్లోనే ఇద్దరం రెండు నిమిషాలు ప్రార్థన చేద్దాం, మీరు చేయండి, నేను ఆమేన్ అంటాను’ అని అడగడం. అప్పుడు ఆ ప్రశ్నకే చోటుండదు. ఇది సులువైన దారి, ఎక్కువ కాలం నిలిచేది కూడా. కాకపోతే పాత అబద్ధం లోపల ఉండిపోతుంది. రెండోదానితో మొదలుపెట్టి, సెలవులకు ఇంటికెళ్లినప్పుడు ఎదురుగా కూర్చుని మొదటిది చెప్పడం నీ స్వభావానికి సరిపోతుందని నాకనిపిస్తోంది. ఎంచుకోవాల్సింది నువ్వు.

ఇక వేళ, చోటు. హాస్టల్లో పొద్దున ఆరున్నర దాటితే బాత్‌రూముల దగ్గర వరస, తర్వాత టిఫిను, తర్వాత పరుగు. రాత్రి పదకొండు తర్వాత చేసుకుందామంటే నిద్ర ముంచుకొస్తుంది. పనికొచ్చేది ఐదు ముప్పావు నుంచి ఆరున్నర మధ్య పావుగంట. గదిలో లైటు వేస్తే మిగతావాళ్లకు ఇబ్బంది. వరండా చివరో, మెట్ల మీదో, స్టడీ హాల్లోనో కూర్చో. మొదటి పదహారు రోజులకు మార్కు సువార్త పెట్టుకో. పదహారు అధ్యాయాలు, ఒక్కొక్కటి నెమ్మదిగా చదివినా పది నిమిషాలు దాటదు. మిగతా ఐదు నిమిషాలు ప్రార్థన. ఇది తక్కువని అనిపిస్తుంది. ఇంట్లో గంటసేపు చేసుకున్న అలవాటుతో ఇక్కడా గంట పెట్టుకుంటే నాలుగో రోజుకే కూలిపోతుంది. ఒక రోజు తప్పితే మర్నాడు రెండధ్యాయాలు చదివి పూడ్చబోకు, ఆగినచోటి నుంచే మొదలుపెట్టు. బాకీ లెక్కలు పెట్టుకున్నవాళ్లే మూడో వారానికి మొత్తం మానేస్తారు. ఫోన్లో కాకుండా అచ్చు పుస్తకంలో చదువు. ఫోన్ తీశాక క్లాస్ గ్రూపులో వచ్చిన మెసేజ్ చూడకుండా ఉండటం ఎవరివల్లా కాదు.

మోకరించలేకపోతున్నానని బాధపడ్డావు. బైబిల్లో హన్నా అనే ఆమె దేవాలయంలో పెదవులు మాత్రమే కదిలిస్తూ ప్రార్థించింది, స్వరం వినబడలేదు. యాజకుడు ఆమె తాగి ఉందనుకున్నాడు. దేవుడు విన్నాడు. హాస్టల్ నుంచి డిపార్ట్‌మెంటుకు నడిచే దారిలో, కళ్లు తెరుచుకుని, పెదవి కదపకుండా చేసేది కూడా ప్రార్థనే. గదిలో గట్టిగా పాడి, కన్నీళ్లతో కేకవేసి ప్రార్థించాలని కొందరు సీనియర్లు చెబుతారు. పక్కవాళ్లు నిద్రపోతున్నప్పుడు అది వాళ్ల మీద పెత్తనం అవుతుంది. పాట పాడాలనిపిస్తే టెర్రస్ ఉంది, ఆదివారం ఉంది.

బైబిలు సంగతికొస్తే, ఇవాళే సూట్‌కేసులోంచి తీసి టేబుల్ మీద నీ లెక్కల పుస్తకాల పక్కన పెట్టు. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. నిన్నటి వరకూ లేనిది ఇవాళ కనబడితే ఎవరో ఒకరు అడుగుతారు. ‘ఇది నాది, రోజూ కొంచెం చదువుకుంటాను’ అంటే సరిపోతుంది. అల్మరాలో పటం పెట్టుకున్న అమ్మాయికి నువ్వు దేవుణ్ని నమ్మడం వింతగా ఉండదు. దాచినందుకు నొచ్చుకుంటే నొచ్చుకోవచ్చు.

ఆ అమ్మాయి దగ్గరికే వద్దాం. ప్రసాదం తినాలా వద్దా అన్నది ఒక ప్రశ్న, చెత్తబుట్టలో వేయడం ఇంకో ప్రశ్న. నువ్వు మొదటిదాని గురించే పేజీన్నర రాశావు. ఆమెను గాయపరిచింది రెండోది. తను పవిత్రమనుకున్నదాన్ని, ప్రేమగా నీ చేతిలో పెట్టినదాన్ని, నువ్వు చెత్తలో వేశావు. తినకపోవడం నీ విశ్వాసం, పారేయడం ఆమెకు అవమానం. ఈ వారంలోనే, మిగతా ఇద్దరూ లేనప్పుడు చెప్పు: ‘ఆ రోజు నేను చేసింది తప్పు. మా ఇంట్లో ప్రసాదం తినరు. ఆ మాట నీతో చెప్పలేక అలా చేశాను. క్షమించు.’ వాదన వద్దు, వాక్యం ఎత్తొద్దు, ‘కానీ’ అని తోక తగిలించొద్దు. ఆమె వెంటనే మెత్తబడకపోవచ్చు. అయినా చెప్పాల్సింది చెప్పినట్టవుతుంది.

ఇకముందు ప్రసాదం విషయంలో ఏం చేయాలో ముందే తేల్చుకో, పళ్లెం ఎదురుగా వచ్చాక కాదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఎనిమిదో అధ్యాయం, పదో అధ్యాయం రెండూ వరసగా చదువు. విగ్రహం వట్టిదే కాబట్టి తిండి తిండేనంటాడు పౌలు. తిన్నంత మాత్రాన దేవుడి దగ్గర ఎక్కువా లేదు, తక్కువా లేదంటాడు. మళ్లీ, ఇది బలి అర్పించిందని ఎవరైనా చెబితే, చెప్పినవాడి మనస్సాక్షి కోసం తినొద్దంటాడు. పూజలో కూర్చుని పాలుపంచుకోవడం వేరని గట్టిగా అంటాడు. ఆ రెండు అధ్యాయాలు పట్టుకుని మన సంఘాల్లోనే రెండు రకాలుగా నడుస్తున్నారు. ఎక్కువమంది తినరు. కొద్దిమంది స్నేహం కోసం తీసుకుని తింటారు. తినకూడదని నీ మనస్సాక్షి చెబుతుంటే తినకు. అప్పుడు చేయి చాపకుండానే, నవ్వుతూ, ‘నేను తీసుకోను, ఏమీ అనుకోకు’ అను. తీసుకుని దాచడం, పక్కవాళ్లకు తోసేయడం వద్దు. మొదటిసారి ఒక క్షణం ఇబ్బందిగా ఉంటుంది, రెండోసారి వాళ్లే నీ ముందు పళ్లెం ఆపరు. తినొచ్చని నీకు నిజంగా తోస్తే, దాచుకోకుండా తిను. ఆ సంగతి నాన్నకు ఎవరో చెప్పేలోగా నువ్వే చెప్పు.

చందా ఇచ్చేశావు, దాని గురించి ఇక తలబద్దలు కొట్టుకోకు. వచ్చే ఏడాది అడిగితే మూడు రకాలుగా చేయొచ్చు. ఇవ్వనని చెప్పడం ఒకటి. సూటిగా ఉంటుంది, కానీ మొత్తం ఫ్లోరులో నువ్వొక్కదానివే ఇవ్వకపోతే కొన్నాళ్లు మాట పడాల్సి రావచ్చు. ఆ రోజు అందరికీ పెట్టే భోజనం ఖర్చుకని చెప్పి ఇవ్వడం ఇంకొకటి. డబ్బుకు బదులు పని చేయడం మూడోది: కూరగాయలు తరగడం, వడ్డించడం, మర్నాడు హాలు ఊడ్చడం. హారతి వేళకు పక్కకు తప్పుకుని భోజనాల వేళకు చేతులు కడుక్కుని వచ్చే అమ్మాయిని గర్విష్ఠి అని ఎవరూ అనరు. దసరాకు ల్యాబుల్లో ఆయుధపూజ చేస్తారు, సభల్లో దీపం వెలిగిస్తారు. మర్యాదగా నిలబడు. నిలబడటం పూజ కాదు. కుంకుమ పళ్లెం నీ దాకా వస్తే చిన్నగా తల అడ్డంగా ఊపితే చాలు.

బొట్టు సంగతి. మన పల్లెల్లో బొట్టు లేని నుదురు క్రైస్తవ స్త్రీకి గుర్తయిపోయింది కాబట్టి మేనత్త కంగారుపడింది. బొట్టు పెట్టుకోకూడదని బైబిల్లో రాసి లేదు, అదొక గుర్తుగా మనవాళ్లు పెట్టుకున్న కట్టుబాటు. గుర్తుకు విలువ ఉంది, అందుకే తేలిగ్గా తీసేయమనను. కానీ ఫ్రెషర్స్ డే నాటి ఒక స్టిక్కర్‌ను విశ్వాసత్యాగమని అనుకోవడం అతి. అత్తకు, ‘స్నేహితురాలు సరదాగా పెట్టింది అత్తా, వద్దనలేకపోయాను’ అని చెప్పు. స్నేహితురాలికి, ‘ఈసారి వద్దే, ఇంట్లో బాధపడుతున్నారు’ అని చెప్పు. ఇద్దరికీ చెప్పేది ఒకే నిజం కావాలి.

దానియేలు గురించి సండే స్కూల్లో పిల్లలకు చెప్పే ఉంటావు. సింహాల గుహకు ముందున్న మొదటి అధ్యాయం మళ్లీ చదువు. అతనూ ఇల్లు వదిలి పరాయి ఊళ్లో మూడేళ్ల చదువులో చేరిన కుర్రవాడే. కల్దీయుల భాష నేర్చుకున్నాడు, వాళ్ల విద్య నేర్చుకున్నాడు, బెల్తెషాజరు అని వాళ్లు పెట్టిన పేరుకు పలికాడు. ఒక్క భోజనం దగ్గర మాత్రం గీత గీశాడు. అదీ పళ్లెం విసిరేసి కాదు, అధికారిని బతిమాలి, పది రోజులు చూడమని గడువు అడిగి. అన్నిచోట్లా గీతలు గీసుకుంటూ పోతే ఏ గీతనూ నిలబెట్టలేవు. రెండో మూడో ఎంచుకో.

ఆ రెండు మూడింటిలో ఒకటి ఎక్కడ గీయాలో నన్నడిగితే, నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన చోట అంటాను. ప్రాక్సీ, రికార్డు. ప్రసాదం ఏడాదికి నాలుగుసార్లు వస్తుంది. హాజరు రోజుకు ఆరుసార్లు పిలుస్తారు. పక్కమ్మాయి రోల్ నంబరుకు నువ్వు పలికితే అది అబద్ధమే, స్నేహం దాని బరువు తగ్గించదు. పట్టుబడితే ఇద్దరికీ శిక్ష, పట్టుబడకపోతే రోజూ చెప్పే అబద్ధం. మన యూనివర్సిటీల్లో సాధారణంగా 75 శాతం హాజరు కావాలి. కొంచెం తగ్గితే డాక్టరు కాగితం, ఫీజు తీసుకుని మినహాయింపు ఇస్తారు. 65 కూడా లేకపోతే చాలాచోట్ల ఆ సెమిస్టరే పోతుంది. స్నేహితురాలికి నిజంగా సాయం చేయాలనుంటే ఆమె శాతం ఎంతుందో ప్రతి శనివారం కూర్చుని లెక్క చూడు, పొద్దున్నే లేపి క్లాసుకు లాక్కుపో. ‘ఇకనుంచి చెప్పలేను, లేపడం మాత్రం నా పూచీ’ అంటే ఆమెకు కోపం వచ్చినా అర్థమవుతుంది.

రికార్డు దగ్గర ఇంకా సూక్ష్మమైన సంగతి ఉంది. ఫిజిక్స్ ల్యాబులో లోలకం ప్రయోగం చేస్తే g విలువ 9.8 రావాలని అందరికీ తెలుసు. నీకు 9.3 వచ్చిందనుకో. అందరూ ఏం చేస్తారంటే, 9.8 నుంచి వెనక్కి లెక్కగట్టి ఇరవై డోలనాల సమయాన్ని సరిచేసి రాస్తారు. నువ్వు అబ్జర్వేషన్ పుస్తకంలో వచ్చింది వచ్చినట్టే రాయి. పొడవు కొలిచేటప్పుడు గుండు మధ్య దాకా కొలవాలి. గుండు పై అంచు వరకే కొలిస్తే పొడవు తగ్గి విలువ కూడా తగ్గుతుంది. డోలనాలు లెక్కపెట్టేటప్పుడు మొదటిదాన్ని ‘సున్నా’ అనకుండా ‘ఒకటి’ అని మొదలుపెడితే సమయం తక్కువొచ్చి విలువ పెరుగుతుంది. కారణం వెతికి, ఫలితం కింద రెండు లైన్లు రాయి. ఒకటో రెండో మార్కులు పోవచ్చు. వైవాలో అడిగినప్పుడు మాత్రం, ఆ బ్యాచ్‌లో ప్రయోగం నిజంగా అర్థమైంది నీకేనని తెలిసిపోతుంది. నీ రికార్డు ఎవరైనా అడిగితే, చూసి రాసుకోమని ఇచ్చేయకుండా పక్కన కూర్చోబెట్టుకుని చెప్పు. క్రైస్తవురాలిగా నీ సాక్ష్యం ఆ గదిలో మొదట కనబడేది ఇక్కడే.

ఆదివారం విషయం తేలికే. నగర సంఘాల్లో చాలావాటికి తెల్లవారి ఆరాధన ఒకటి, తొమ్మిదిన్నర ప్రాంతంలో ఇంకొకటి, సాయంత్రం మరొకటి ఉంటాయి. పది గంటల క్లాసుంటే తెల్లవారి ఆరాధనకు వెళ్లి తిరిగి రావచ్చు. సాయంత్రం అయితే హాస్టల్ గేటు వేళ చూసుకో, ఔటింగ్ రిజిస్టర్లో ‘చర్చి’ అనే రాయి. ‘షాపింగ్’ అని రాసే అలవాటు చేసుకోవద్దు. మూడు సంఘాలు చూడు, నాలుగో ఆదివారానికి ఒకటి ఖాయం చేసుకో. పాటలు ఇక్కడ బాగున్నాయి, వాక్యం అక్కడ బాగుందని వారానికొక చోటికి తిరిగితే, నువ్వు రాకపోతే ‘ఏమైంది?’ అని అడిగే మనిషి ఎక్కడా తయారవ్వదు. మీ పాస్టరుగారి దగ్గర చిన్న పరిచయ పత్రం తెచ్చుకో. బాప్టిస్టు సంఘమే దొరకాలని లేదు. సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయినా లూథరన్ అయినా ఆరాధన క్రమం పుస్తకంలో చూసి చదువుతారు, లేచి నిలబడటం, కూర్చోవడం ఎక్కువ. రెండు వారాల్లో అలవాటవుతుంది. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారం) ఉన్న రోజు, బాప్తిస్మం కాలేదు కాబట్టి నీ చోట కూర్చుని ఉండు. ఎవరూ తప్పుగా చూడరు.

ఆ ఇంటి కూడిక గురించి మాత్రం గట్టిగా చెబుతాను. నీ సొంత సంఘాన్ని తక్కువచేసి మాట్లాడటం మొదటి హెచ్చరిక. పరీక్షల ముందు మూడు రోజుల ఉపవాసం రెండోది. మెస్సు తిండి మీద బతికే పిల్ల మూడు రోజులు తినకపోతే మిడ్ పరీక్ష హాల్లో కళ్లు తిరిగి పడుతుంది. ఉపవాసం ఉండాలనిపిస్తే ఒక పూట ఉండు, నీళ్లు తాగు, పరీక్ష లేని రోజు చూసుకో. ఇంకా గమనించాల్సినవి: స్కాలర్‌షిప్పు డబ్బులో దశమభాగం అడుగుతున్నారా, ఇంట్లోవాళ్లతో చెప్పొద్దంటున్నారా, పెద్దతో ఒంటరిగా ప్రార్థనకు రమ్మంటున్నారా, మందులు మానమంటున్నారా, నీ పెళ్లి గురించి దర్శనాలు చెబుతున్నారా. ఒక్కటి ఉన్నా మళ్లీ వెళ్లకు. సీనియర్ అక్కతో స్నేహం ఉంచుకుని కూడికకు రానని చెప్పొచ్చు. తోడు కావాలంటే, 1954లో ఏర్పడిన యు.ఇ.ఎస్.ఐ. (యూనియన్ ఆఫ్ ఎవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా) వంటి విద్యార్థి సహవాసాలు చాలా క్యాంపస్‌ల దగ్గర ఉన్నాయి. అన్ని సంఘాల పిల్లలూ కలిసి వారానికోసారి వాక్యం చదువుకుంటారు, నడిపేది విద్యార్థులే. అక్కడ కూడా ఇవే ప్రశ్నలు వేసుకునే వెళ్లు. ఏడుపు, నిద్రపట్టకపోవడం రెండు వారాలు దాటితే కాలేజీ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లు, లేదా మానసిక ఆరోగ్య సాయం కోసం ఉన్న ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయి. అది విశ్వాసలోపమని ఎవరైనా అంటే నమ్మకు.

ఇక ధ్రువపత్రం. చట్టం ఏమంటోందో ముందు తెలుసుకో. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. చేర్చాలన్న కేసు 2004 నుంచి సుప్రీంకోర్టులో నలుగుతోంది. క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలకూ వాళ్ల సంతానానికీ మన రాష్ట్రంలో ఉన్నది బీసీ-సీ (వెనుకబడిన తరగతుల్లో ‘సీ’ గ్రూపు), దానికి రిజర్వేషన్ ఒక్క శాతం. 2024 నవంబరులో పుదుచ్చేరి మహిళ ఒకరి కేసులో సుప్రీంకోర్టు, బాప్తిస్మం పొంది క్రమంగా చర్చికి వెళ్తూ ఉద్యోగం కోసం హిందువునని చెప్పి ఎస్సీ ధ్రువపత్రం అడగడం కుదరదంది. 2025 ఏప్రిల్‌లో మన హైకోర్టు కూడా, మతం మారినవాళ్లకు ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదంది. ఎవరైనా ఫిర్యాదు చేస్తే కలెక్టరు విచారణ జరిపి ధ్రువపత్రం రద్దు చేయొచ్చు. రద్దయితే దానిమీద వచ్చిన సీటుకూ ముప్పే.

ఈ చట్టం న్యాయమైనదని నేననను. బాప్తిస్మంతో కులం పోయుంటే మన ఊళ్లలో క్రైస్తవుల పేటలు ఊరికి అవతల ఉండేవి కావు, సమాధుల దొడ్లు విడివిడిగా ఉండేవి కావు. మీ నాన్న ‘చదువయ్యాక’ అనడం వెనక భక్తి తక్కువై కాదు, ఆ అన్యాయం తెలిసి, పిల్ల చదువు ఆగిపోతుందేమోనని. ఆయన్ని ఆ కోణంలో చూడు.

అయినా నిర్ణయం ఏదో ఒకటి తీసుకోవాలి. బాప్తిస్మం వాయిదా వేసి ఇప్పుడున్నట్టే కొనసాగడం ఒక దారి. చదువుకు వెంటనే ఇబ్బంది రాదు, కానీ బాప్తిస్మం లేదు కదా అన్న మాట విచారణలో నిన్ను పూర్తిగా కాపాడుతుందని చెప్పలేం. నీ మనస్సాక్షికి నాలుగేళ్లు జవాబు చెప్పుకుంటూ ఉండాలి. ఈస్టరుకు బాప్తిస్మం తీసుకుని ఎస్సీ ధ్రువపత్రమే వాడుకోవడం రెండోది. చాలామంది చేసేది ఇదే, చట్టం దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదమైనదీ ఇదే. పైగా ఉద్యోగం, పదోన్నతి ప్రతిచోటా అదే భయం వెంట వస్తుంది. మూడోది, బాప్తిస్మం తీసుకుని బీసీ-సీకి మారడం. సచివాలయంలోనో మీసేవలోనో దరఖాస్తు పెడితే తహసీల్దారు విచారించి ఇస్తారు. బీసీలకూ ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. కానీ ఎస్సీ కోటాలో తీసుకున్న సీటు ఏమవుతుందన్నది ముందే తేల్చుకోకుండా ఆ దరఖాస్తు పెట్టకూడదు. ముందుముందు పోటీ కూడా చాలా పెరుగుతుంది.

ఈ మూడింటిలో ఒకటి నీకు నేను ఎంచి ఇవ్వను. రెండు మాటలు మాత్రం చెబుతాను. ఒకటి, ‘నేను క్రైస్తవురాలిని కాను’ అని ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. అవసరమొచ్చి అలాంటి కాగితం ముందుకు వస్తే, ఆ రోజే ఆగి నాన్నకు ఫోన్ చేయి. రెండు, దీన్ని హాస్టల్లో, క్లాస్ గ్రూపులో, కూడికల్లో చర్చకు పెట్టకు. దేవుణ్ని నమ్ముతానని గదిలోవాళ్లకు చెప్పడానికి నీ ధ్రువపత్రం వివరాలు చెప్పనక్కర్లేదు. పేరు కూడా అంతే. రికార్డు పేరుతో పిలిస్తే పలుకు. దగ్గరివాళ్లకు ఇంట్లో పేరు చెప్పాలనిపిస్తే చెప్పు.

సంక్రాంతి సెలవులకు ఇంటికెళ్లినప్పుడు నాన్నతో, పాస్టరుగారితో ముగ్గురూ కూర్చోండి. అంతకు ముందే నీ పదో తరగతి సర్టిఫికెట్, టీసీ, కుల ధ్రువపత్రం, సీటు కేటాయింపు పత్రం, అమ్మానాన్నల కుల ధ్రువపత్రాలు జిరాక్సులు తీసి ఒక ఫైల్లో పెట్టమని నాన్నకు చెప్పు. మీ తాత, నాన్నల బాప్తిస్మం సంఘం రిజిస్టర్లో ఏ ఏడాది రాసి ఉందో పాస్టరుగారిని చూసి ఉంచమను. ఆ ఫైలుతో ఒంగోలులోనో గుంటూరులోనో కుల ధ్రువపత్రాల కేసులు చూసే న్యాయవాది దగ్గరికి నాన్నా నువ్వూ కలిసి వెళ్లండి. ఆయన్ని అడగాల్సినవి మూడు: ఇప్పుడున్న సీటుకు ముప్పు ఎంత, బీసీ-సీకి మారితే ఈ కోర్సు మధ్యలో ఏమవుతుంది, బాప్తిస్మం తేదీ వల్ల ఏ తేడా వస్తుంది. జవాబులు కాగితం మీద రాయించుకోండి. ఆ తర్వాతే ఈస్టరు తేదీ గురించి పాస్టరుగారికి మాట ఇవ్వు.